బొగ్గు అమ్మిన డబ్బు జీతమా, గ్రాట్యుటీయా?

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి ఇవ్వమని కార్యదర్శి గారు రెండు నెలలుగా అడుగుతున్నారు. ఉద్యోగంలో ఉన్నంతకాలం నోట్ ఫైళ్లు, నోటీసులు, నెలసరి స్టేట్‌మెంట్లు తప్ప మరొకటి రాసి ఎరుగను. కనుక ఏదో ఒక సాకు చెబుతూ వచ్చాను. ఈలోగా సెలవులకు వచ్చిన మా మనవరాలు ఒక ప్రశ్న వేసింది. ఆ పిల్ల డిగ్రీలో అర్థశాస్త్రం చదువుతోంది. వ్యాపారం మీదనే ఆధారపడి ఎదిగిన ఆసియా దేశాల గురించి వాళ్లకు ఒక పాఠం ఉందట.

"తాతా, సింగపూర్ల భూమి కింద ఏం లేదు. మన గోదావరిఖనిల భూమి నిండ బొగ్గే. మరి వాళ్లు అట్లెందుకయిండ్రు, మనం ఇట్లెందుకున్నం?" అని అడిగింది.

ఆ పూట "ముందు అన్నం తినవే" అని తప్పించుకున్నాను గాని, ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. ముప్పయ్యారేళ్లు వాణిజ్య పన్నుల శాఖలో గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. అందులో ఎక్కువ కాలం ఈ బొగ్గు ప్రాంతంలోనే గడిచింది. ఈ ఊరి అమ్మకాలూ కొనుగోళ్లూ నా చేతుల మీదుగా పోయాయి. నాకే జవాబు తెలియకపోతే ఎలా అనిపించింది. అందుకే ఈ నాలుగు పేజీలు. నేను ఆర్థికవేత్తను కాను. పెద్దలు పొరపాట్లుంటే మన్నించగలరు.

రైలు వచ్చాకే బొగ్గుకు విలువ

భూమిలో బొగ్గు ఉండడం వేరు, బొగ్గు అమ్ముడుపోవడం వేరు. మన బొగ్గు కోట్ల ఏళ్లుగా భూమిలోనే ఉంది. ఇల్లెందు దగ్గర బొగ్గు ఉన్నదని భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో కనుగొన్నాడు. ఇంగ్లాండులో ఏర్పడిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ 1886లో తవ్వకం హక్కులు పొందింది. 1889లో తవ్వకం మొదలైంది. కనుగొన్న నాటికీ తవ్విన నాటికీ మధ్య పద్దెనిమిదేళ్లు పట్టింది. ఎందుకు? మోసుకుపోయే దారి లేక. నిజాం రైల్వే వరంగల్, డోర్నకల్ మీదుగా బెజవాడ వైపు సాగింది ఆ రోజుల్లోనే. రైలు వచ్చింది, బొగ్గు సరుకైంది. ఆ బొగ్గు మళ్లీ రైలింజను పొయ్యిలోకే పోయింది. అంటే మన మొదటి వ్యాపారం రైలు కోసం, రైలు మీద, రైలుతో.

1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ ఏర్పడింది. మరుసటి ఏడు పాత కంపెనీ ఆస్తులన్నీ దాని కిందికి వచ్చాయి. 1929లో కాజీపేట–బల్లార్షా రైలు మార్గం పూర్తయింది. మద్రాసుకూ ఢిల్లీకీ మధ్య దగ్గరి దారి ఏర్పడింది. ఆ దారి రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి మీదుగా పోయింది. గోదావరికి ఇరువైపులా ఉన్న బొగ్గు పొరల పక్కనే పట్టాలు పడ్డాయి. మన ప్రాంతం జాతకం రాసింది ఆ పట్టాలే అని నా అభిప్రాయం.

1945లో హైదరాబాద్ సంస్థానం సింగరేణిలో అధిక వాటాలు కొన్నది. దేశంలో బొగ్గు గనుల జాతీయకరణ 1971–73 నాటి మాట. మన దగ్గర పాతికేళ్ల ముందే బొగ్గు సర్కారు సొత్తయింది. 1956లో ఆ వాటా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి వచ్చింది. 1960 నుంచి కేంద్రం కూడా పెట్టుబడి పెట్టింది. నేటికీ 51, 49 లెక్కన రాష్ట్రానికీ కేంద్రానికీ చెందిన సంస్థ ఇది.

అడవిలో పుట్టిన ఊరు

గోదావరి దక్షిణపు ఒడ్డున రామగుండం గనులు తెరిచింది 1960 దశకం మొదట్లో. అంతకు ముందు అక్కడ అడవి, చిన్న చిన్న పల్లెలు. ఒకటో ఇంక్లయిన్ దగ్గర మొదలై ఒక్కొక్క బాయి లేచింది. దానితో పాటే గుడిసెలు, క్వార్టర్లు, సారా దుకాణాలు, బట్టల కొట్లు, బడులు. కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ పల్లెల నుంచి వ్యవసాయ కూలీలు, మగ్గం విడిచిన నేతపనివారు, కులవృత్తి గిట్టుబాటు కానివారు తట్టాబుట్టా సర్దుకొని వచ్చారు. దొర గడీలో వెట్టి చేసిన మనిషి కొడుకు ఇక్కడ బాయి దిగి నెల తిరిగేసరికి నగదు జీతం చేతిలో పట్టుకున్నాడు. ఆ మార్పు విలువ టన్నుల్లో కొలవలేం.

నేను 1974లో ఎల్.డి.సి.గా చేరాను. ఈ ప్రాంతానికి బదిలీ అయి వచ్చినప్పుడు నన్ను ఆశ్చర్యపరిచింది లక్ష్మీనగర్ బజారు. జీతాల రోజు సాయంత్రం అక్కడ నడవడానికి చోటుండేది కాదు. మొదటి షిఫ్టు దిగినవారు, రెండో షిఫ్టు ఎక్కబోయేవారు, ఖాతాలు తీర్చేవారు, కొత్త ఖాతాలు తెరిచేవారు. కొట్లో ఎర్ర పుస్తకం తిరగేస్తే ఎవరు ఏ బాయిలో ఏ మస్టరో తెలిసేది. నెల మధ్యలో సమ్మె వస్తే ఆ నెల బజారు చప్పబడేది. ఒక్క సరుకు అమ్ముకొని బతికే ఊరు అంటే ఏమిటో అర్థశాస్త్రం పుస్తకం కన్నా ఆ ఎర్ర పుస్తకాలే నాకు ముందు నేర్పాయి.

బొగ్గు చుట్టూ మరికొన్ని పొయ్యిలు కూడా వెలిగాయి. 1971లో రామగుండం బి థర్మల్ స్టేషన్, 62.5 మెగావాట్లు. బసంత్‌నగర్‌లో సిమెంటు కర్మాగారం. 1978 నవంబరు 14న ప్రధాని మొరార్జీ దేశాయ్ ఎన్.టి.పి.సి. విద్యుత్ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. 1983లో తొలి యూనిట్ నడిచింది. తరువాత అది 2600 మెగావాట్ల దాకా పెరిగింది. 1980 నవంబరులో ఎఫ్.సి.ఐ. ఎరువుల కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించింది. బొగ్గును గ్యాసు చేసి, ఆ గ్యాసు నుంచి యూరియా తీసే కర్మాగారం అది. ఆ రోజుల్లో మా కార్యాలయంలో అందరి మాట ఒకటే: "ఇక రామగుండానికి తిరుగులేదు."

అదే కాలంలో సింగపూర్

మనవరాలి ప్రశ్న కోసం నేను తేదీలు పక్కపక్కన పెట్టి చూశాను. సింగపూర్‌లో ఆర్థికాభివృద్ధి మండలి ఏర్పడింది 1961లో. జురాంగ్ అనే చిత్తడి నేలను పూడ్చి పరిశ్రమలకు చదును చేసిందీ ఆ కాలంలోనే. అంటే వాళ్ల జురాంగ్, మన గోదావరిఖని ఇంచుమించు ఒక ఈడువి.

1965 ఆగస్టు 9న మలేషియా నుంచి విడిపోయేనాటికి సింగపూర్‌కు ఉన్నది రేవు ఒక్కటే. తాగే నీళ్లు కూడా చాలావరకు పక్క దేశపు జొహోర్ నుంచి కొనుక్కోవాలి. 1968లో బ్రిటిష్ వారు తమ సైనిక స్థావరాలు ఎత్తేస్తామన్నారు. ఆ స్థావరాల మీద వేలాది కుటుంబాలు బతికేవి. ఊరికి ఉన్న ఒక్క పెద్ద కొనుగోలుదారు వెళ్లిపోతానన్నట్టే. వాళ్లు ఏం చేశారంటే, నౌకాదళపు డాక్‌యార్డును ఆ ఏడే వ్యాపార నౌకలు బాగుచేసే సెంబవాంగ్ షిప్‌యార్డుగా మార్చారు. పనిమంతులు అక్కడే ఉన్నారు. క్రేన్లు అక్కడే ఉన్నాయి. మారింది కొనుగోలుదారు మాత్రమే.

అలాగని వ్యాపారం మీద బతికేవాడికి కష్టాలు లేవనుకోకండి. సింగపూర్ ఎగుమతి దిగుమతుల మొత్తం ఆ దేశపు ఆదాయానికి మూడింతలకు పైమాటే. లోకానికి జలుబు చేస్తే వాళ్లకు జ్వరం వస్తుంది. 1985లో మాంద్యం వచ్చినప్పుడు, మరుసటి ఏడు కార్మికుల భవిష్యనిధికి యజమాని కట్టే వాటాను 25 శాతం నుంచి 10 శాతానికి కోశారు. మన పెన్షనర్లు ఈ వాక్యం ఇంకోసారి చదవండి. మన సర్కారు ఒక డి.ఎ. విడత ఆపితేనే మనం ధర్నాకు పోతాం!

తేడా ఎక్కడుందంటే, వాళ్లు అమ్మింది మనుషుల పనిని. మనం అమ్మింది నేల కింది రాశిని. ఈ తేడా నాకు ఉద్యోగంలో ఉండగా అర్థం కాలేదు. ఎందుకు కాలేదో ఇప్పుడు చెబుతాను.

గుమాస్తా బల్ల మీంచి చూస్తే

కేంద్ర అమ్మకపు పన్ను చట్టం, 1956లో 14వ సెక్షన్ అని ఒకటుంది. అందులో చెప్పిన సరుకుల్ని మేము డిక్లేర్డ్ గూడ్స్ అనేవాళ్లం. దేశానికంతటికీ ముఖ్యమైన సరుకులు కనుక వాటిపై రాష్ట్రాలు ఇష్టమొచ్చినట్టు పన్ను వేయరాదు. ఆ జాబితాలో బొగ్గు ఉంది. నా సర్వీసు కాలంలో దాని పరిమితి 4 శాతం. సబ్బు బిళ్ల మీద అంతకంటే ఎక్కువ పన్ను వేసేవాళ్లం. దేశం కోసం చవగ్గా ఇవ్వాలన్నారు, ఇచ్చాం. దానికి నేను తప్పు పట్టను.

అయితే ఆ 4 శాతంలో మనకు ఒక మేలుండేది. బొగ్గు రాయచూరు పోయినా, మహారాష్ట్ర పోయినా, కొన్నవాడు సి–ఫారం పంపేవాడు, పన్ను మాత్రం అమ్మిన రాష్ట్రానికే దక్కేది. తరువాత ఆ రేటు 2007లో 3 శాతానికి, 2008లో 2 శాతానికి తగ్గింది. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చాక పద్ధతే తిరగబడింది. ఇప్పుడు రాష్ట్రపు వాటా సరుకు వాడిన చోటికి పోతుంది, పుట్టిన చోటికి కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి బొగ్గుపై జి.ఎస్.టి. 5 శాతం నుంచి 18 శాతమైంది, టన్నుకు 400 రూపాయల సెస్సు తీసేశారు. రేటు పెరిగినా, బయటి రాష్ట్రానికి పోయిన బొగ్గు మీద రాష్ట్ర వాటా మనకు రాదు. 2014 జూన్ 2 తరువాత రాయలసీమ ముద్దనూరు విద్యుత్ కేంద్రం కూడా మనకు బయటి రాష్ట్రమే అయింది. తవ్వినందుకు మనకు మిగిలేది రాయల్టీ. అది 2012 నుంచి ధరలో 14 శాతం. 2015 తరువాత జిల్లా ఖనిజ నిధి ఒకటి కలిసింది.

దుమ్ము మన ఇంటి మీద పడుతుంది, వెలుగు దూరాన పడుతుంది, పన్ను కూడా వెలుగు వెంటే పోతుంది. ఇది నా ఫిర్యాదు కాదు, లెక్క. అమ్మకందారు ఊరికీ వాడకందారు ఊరికీ ఉండే సంబంధం ఎక్కడైనా ఇదే.

తొంభైల గాలి

1991 తరువాత వచ్చిన మార్పులు మనందరికీ గుర్తే. 1993 నుంచి విదేశీ బొగ్గును ఎవరైనా నేరుగా దిగుమతి చేసుకోవచ్చన్నారు. అప్పుడు మా ఆఫీసు టీ కొట్టు దగ్గర నేనన్న మాట నాకు ఇంకా జ్ఞాపకం: "సముద్రం దాటి బొగ్గు ఎవడు తెస్తాడండీ! రవాణాకే సగం పోదా?" నా అంచనా తప్పయింది. ఓడలో వేల మైళ్లు తెచ్చే ఖర్చు, రైల్లో వందల మైళ్లు తెచ్చే ఖర్చుకు పోటీ వచ్చింది. ఇండోనేషియా, ఆస్ట్రేలియా బొగ్గులో బూడిద తక్కువ. సముద్రపు ఒడ్డున ఉన్నవాడికి అదే దగ్గర. ఇవాళ మన దేశం ఏటా 20 కోట్ల టన్నులకు పైగా బొగ్గు దిగుమతి చేసుకుంటోంది. బొగ్గు గడ్డ మీద కూర్చున్న మనకు కూడా లోకపు ధర వచ్చి తగిలింది.

ఆ దశాబ్దంలో సింగరేణి నష్టాలతో 1992లో ఒకసారి, 1996లో మరోసారి ఖాయిలా పరిశ్రమల బోర్డు, అంటే బి.ఐ.ఎఫ్.ఆర్. గడప తొక్కింది. చిన్నవీ పెద్దవీ కలిపి ఏడాదికి వందల సమ్మెలు జరిగిన కాలం అది. ఆ తరువాత అప్పులు సవరించారు, ఖర్చులు తగ్గించారు, 1998లో తొలిసారి రహస్య ఓటుతో గుర్తింపు సంఘం ఎన్నికలు జరిగాయి. కంపెనీ నిలదొక్కుకుంది.

నిలదొక్కుకోనిది ఎఫ్.సి.ఐ. కర్మాగారం. బొగ్గు నుంచి యూరియా తీసే ఆ యంత్రాలు ఎన్నడూ పూర్తి సామర్థ్యానికి నడవలేదు. 1999 మార్చి 31తో అది మూతపడింది. 22 ఏళ్లు తుప్పు పట్టింది. 2021 మార్చిలో అదే చోట ఆర్.ఎఫ్.సి.ఎల్. పేరుతో మళ్లీ యూరియా తయారవుతోంది. సామర్థ్యం ఏడాదికి 12.7 లక్షల టన్నులు. సంతోషమే. కానీ ఈసారి అది బొగ్గుతో నడవదు, గొట్టంలో వచ్చే సహజ వాయువుతో నడుస్తుంది. బొగ్గు పొరల నడుమ కూర్చున్న కర్మాగారం దూరపు గ్యాసు మీద బతుకుతోంది. సింగపూర్ వారు డాక్‌యార్డుకు కొత్త పని అదే ఏడు చూసుకున్నారు. మనకు 22 ఏళ్లు పట్టింది. వాళ్లది దేశం, మనది ఒక ఊరు. నిర్ణయం వాళ్ల చేతిలో ఉంది, మన నిర్ణయం ఢిల్లీలోనూ హైదరాబాదులోనూ ఉంది. ఆ న్యాయం చెప్పకుండా పోల్చడం తప్పు.

నేను చెప్పిన తప్పుడు సలహా

ఇప్పుడు నా సొంత తప్పు ఒప్పుకుంటాను. ఇరవై అయిదేళ్ల కిందటి సంగతి. నాకు పరిచయమున్న బట్టల వ్యాపారి ఒకాయన ఒకరోజు బడి దగ్గర కలిసి అడిగాడు.

"సారూ, లెక్కలన్నీ మీ చేతుల మీదుగ పోతయి గదా. ఇంకో దుకాణం పెడదామనుకుంటున్న. పెట్టమంటరా?"

ఒకరి లెక్క ఒకరికి చెప్పడం మా శాఖలో నేరం. ఆ పని నేను చేయలేదు. కానీ మొత్తం మీద బజారు అమ్మకాలు రెండు మూడేళ్లుగా ఎక్కుతున్నాయని నా మనసులో ఉంది. "పెట్టు సేటూ, మార్కెట్ పెరుగుతున్నది" అన్నాను. అతను అప్పు తెచ్చి పెట్టాడు.

అప్పుడు అమ్మకాలు ఎందుకు ఎక్కాయి? స్వచ్ఛంద పదవీ విరమణ చేసినవారి చేతికి ఒకేసారి పెద్ద మొత్తాలు వచ్చాయి. ఆ డబ్బుతో ఆడపిల్లల పెళ్లిళ్లు, బంగారం, మోటారు సైకిళ్లు, పట్టుచీరలు. రిజిస్టర్‌లో అది అమ్మకం అంకె. అంకె కింద ఉన్నది మాత్రం ఒక ఉద్యోగం అంతమైపోవడం. నేను అంకె చూశాను, మనిషిని చూడలేదు. మూడేళ్లు తిరిగేసరికి ఆ కుటుంబాలు క్వార్టర్లు ఖాళీ చేసి పల్లెలకు పోయాయి. రెండో దుకాణం మూతపడింది. అతని కొడుకులు హైదరాబాద్ చేరారు.

తరువాత ఒకసారి అతను ఎదురుపడితే తల ఎత్తలేకపోయాను. అతనే అన్నాడు: "మీ తప్పేం లేదు సారూ. నా కండ్లకు గూడ గట్లనే కనవడ్డది."

ఆ మాట నన్ను ఓదార్చలేదు. కానీ ఆలోచింపజేసింది. మనం పెన్షనర్లం. గ్రాట్యుటీ అంటే ఏమిటో, నెల పెన్షన్ అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. గ్రాట్యుటీ వచ్చిన నెల మన బ్యాంకు పుస్తకం చూసి ఎవడైనా "ఈయన ఆదాయం ఎంత పెరిగిందో" అంటే నవ్వుతాం. అది ఆదాయం కాదు, ముప్పై ఏళ్ల కష్టం ఒక్కసారి చేతికి రావడం. పెన్షన్‌లో 40 శాతం కమ్యుటేషన్ తీసుకుంటే పదిహేనేళ్లకు తిరిగి కలుస్తుంది. బొగ్గు కమ్యుటేషన్‌కు ఆ సౌకర్యం లేదు. తవ్విన టన్ను మళ్లీ రావాలంటే కోట్ల ఏళ్లు పట్టాలి.

ఊరు కూడా అంతే. బొగ్గు అమ్మిన డబ్బు జీతంలా కనిపిస్తుంది, కానీ అది గ్రాట్యుటీ. దాన్ని తిని కూర్చుంటే అయిపోతుంది. దాంతో నెలనెలా వచ్చే మరో ఆదాయం ఏర్పాటు చేసుకుంటే నిలుస్తుంది. నార్వే దేశం 1990లో చట్టం చేసి తన చమురు డబ్బును ఒక నిధిలో వేసుకున్నది అందుకే. మా మనవరాలు వేసిన ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇదే. సింగపూర్‌కు గ్రాట్యుటీ లేదు కనుక మొదటి రోజు నుంచే జీతం సంపాదించే పని నేర్చుకుంది. మనకు గ్రాట్యుటీ ముందే చేతికొచ్చింది, అదే జీతం అనుకున్నాం.

టన్నులు పెరిగాయి, తలలు తగ్గాయి

ఒక్క లెక్క చెప్పి ముగిస్తాను. 1990ల మొదట్లో సింగరేణి లక్షకు పైగా ఉద్యోగులతో ఏడాదికి రెండు కోట్ల టన్నుల లోపు బొగ్గు తీసేది. 2023–24లో 7 కోట్ల టన్నులు తీసింది. పర్మినెంటు ఉద్యోగులు 40 వేల చుట్టుపక్కల. కాంట్రాక్టు కార్మికులు వేరు. అంటే బొగ్గు మూడింతలకు పైగా పెరిగింది, పర్మినెంటు జీతం తీసుకునే తలలు సగానికి తక్కువ అయ్యాయి. ఓపెన్‌కాస్టు యంత్రాలు చేసిన మార్పు ఇది. పుస్తకంలో దీన్ని అభివృద్ధి అంటారు. లక్ష్మీనగర్ బజారులో నిలబడి చూస్తే సగం మాత్రమే నిజం అనిపిస్తుంది.

మిగతా సగం కూడా చెప్పాలి. బాయి పని ప్రాణాలతో చెలగాటం. 2003 జూన్ 16న గోదావరిఖని ఏడో ఎల్.ఇ.పి. గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. ఆ రోజు ఊరంతా పొయ్యి వెలిగించలేదు. భూమి కింద మనుషులు తగ్గడం కేవలం నష్టమని ఆ రోజు చూసినవాడు అనలేడు. నష్టం ఎక్కడంటే, పైకి వచ్చిన మనిషి కొడుకుకు పైన పని చూపించకపోవడంలో ఉంది. వాళ్లలో ఎంతోమంది గల్ఫ్ పోయారు. కొందరు సింగపూర్ పోయి అక్కడి భవనాలు కడుతున్నారు. ఇది మా మనవరాలికి చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు.

బొగ్గు అయిపోయాక ఊరు ఏమవుతుందో తెలియాలంటే దూరం పోనక్కరలేదు. ఇల్లెందు, బెల్లంపల్లి చూసి రావాలి. ఒకప్పుడు కంపెనీకి కన్నబిడ్డల్లాంటి ఊళ్లు. బాయిలు మూతపడ్డాక జనం తరలిపోయారు. మన బి థర్మల్ స్టేషన్ కూడా 2024లో మూతపడింది. యాభై ఏళ్లకు పైగా మనకు గడియారం లాంటి పొగగొట్టం అది.

అలాగని అంతా చీకటి కాదు. గ్రాట్యుటీని పెన్షన్‌గా మార్చే పనులు కొన్ని జరిగాయి. సింగరేణి స్వయంగా 2016లో జైపూర్‌లో 1200 మెగావాట్ల విద్యుత్ కేంద్రం పెట్టింది. బొగ్గు అమ్మే బదులు కరెంటు అమ్ముతోంది. సౌర విద్యుత్తు కూడా తీస్తోంది. 2025 ఏప్రిల్‌లో ఒడిశాలోని నైనీ గనిలో తవ్వకం మొదలుపెట్టింది. ఎన్.టి.పి.సి. 800 మెగావాట్ల యూనిట్లు రెండు 2023, 2024లలో జాతికి అంకితమయ్యాయి. సింగరేణి నిధులతో రామగుండంలో వైద్య కళాశాల వచ్చింది. వీటన్నిటిలో నాకు ఎక్కువ నచ్చేది ఆ చివరిదే. బొగ్గు అయిపోయినా డాక్టరు చదువు అయిపోదు.

అందుకే మన సంఘ సభ్యులకు ఒక మనవి. జిల్లా ఖనిజ నిధి మీదా, రాయల్టీ మీదా సభలు జరిగినప్పుడు మనం వెళ్లి కూర్చుందాం. లెక్కలు చదవడం మనకు వచ్చిన విద్య. "ఈ ఏడు ఎన్ని టన్నులు?" అని అందరూ అడుగుతారు. మనం రెండో ప్రశ్న అడుగుదాం: "ఈ డబ్బుతో బొగ్గు లేని రోజుకు ఏం ఏర్పాటు చేశారు?" గ్రాట్యుటీ సొమ్ము ఎలా కరిగిపోతుందో తెలిసినవాళ్లం. ఆ ప్రశ్న అడిగే అర్హత మనకంటే ఎవరికుంది?

మా మనవరాలు సెలవులు అయిపోయి హాస్టల్‌కు పోయింది. పోయేముందు "తాతా, నువ్వు చెప్పింది నా ప్రాజెక్టుల రాసుకుంట" అంది. రాసుకొమ్మన్నాను. ఆ బట్టల వ్యాపారి సంగతి కూడా రాయమన్నాను. తాత చెప్పిన తప్పుడు సలహా కూడా చరిత్రే కదా.